నన్ను అడగలే అన్న ఆయమ్మ

మొన్న వానాకాలంలో ఆయమ్మను మట్టికి అప్పగించి వచ్చాం. మా గుడికి కొత్తగా వచ్చిన పాస్టరు అయ్యగారికి ఆమె మంచం పట్టిన ముసలమ్మగానే తెలుసు. సమాధి దగ్గర గొడుగు కింద నిలబడి, "ఈ తల్లి సాత్వికురాలు. ఎన్నడూ ఎవరినీ ఎదురు ప్రశ్న అడగని ఓర్పుగల మనిషి" అని చెప్పాడు. వెనక నిలబడ్డ పాతవాళ్లం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నా పక్కనున్నామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "టీచరమ్మా, అయ్యగారు ఎవల గురించి చెప్తాండు? పెట్టెల మన ఆయమ్మనే ఉన్నదా, జర చూడున్రి" అంది. చావు దగ్గర నవ్వకూడదు. ఎంత ఆపుకున్నా నవ్వు ఆగలేదు. దాని వెంటే ఏడుపూ వచ్చింది.

అయ్యగారి తప్పేమీ లేదు. పోయినవాళ్ల గురించి చెప్పడానికి మన దగ్గర కొన్ని మాటలు తయారుగా ఉంటాయి. ఆ మాటల్లో ఇమిడే మనిషి కాదు ఆయమ్మ.

ఆమె ఒక చిన్న సర్కారు ప్రసూతి దవాఖానలో ఆయా. డాక్టర్లకు, బాలింతలకు, చివరికి మా సంఘంలో ఆమెకంటే పెద్దవాళ్లకు కూడా ఆయమ్మే. అసలు పేరు పెళ్లినాడు అయ్యగారు చదివి ఉంటారు, ఆ తర్వాత ఎవరికీ అవసరం పడలేదు. పొట్టి మనిషి. కొంగు నడుం చుట్టూ తిప్పి బిగించి దోపుకునేది, గుడిలో కూడా. వేళ్ల చివరలు ఎప్పుడూ నీళ్లలో నానినట్టు ముడతలు పడి ఉండేవి. ఆదివారం ఆ చేతులకు కొబ్బరినూనె రాసుకుని వచ్చేది. వాటిని పట్టుకుంటే నూనె వాసన కింద నుంచి ఫినాయిల్ వాసన వచ్చేది.

పుట్టిన బిడ్డకు మొదటి స్నానం ఆమెదే. కాళ్లు చాపుకుని, బిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టుకుని, నీళ్లు పోసేముందు దాని మొహంలోకి వంగి అడిగేది: "ఎవలు బిడ్డా నువ్వు? ఏం పని మీద వచ్చినవ్?" బిడ్డ ఏడ్చేది. "సరే సరే, తర్వాత చెప్దువు" అని అప్పుడు చెంబు ఎత్తేది. ఎంత తొందరలో ఉన్నా ఆ అడగడం మానలేదు. మా అక్క కాన్పప్పుడు నేను పక్కనే ఉండి చూశాను. ఎందుకలా అడుగుతావంటే, "అడగకుంట నీళ్లు పోస్తే ఎట్ల టీచరమ్మా? అదేమన్న తోమే బోలా?" అంది.

మా గుడి నేతపనివాళ్లుండే కొత్తవాడకు దగ్గర్లో ఉండేది. ప్రార్థనలో అందరం నిశ్శబ్దంగా ఉన్నప్పుడు మగ్గాల చప్పుడు వినిపించేది. డెబ్బైల మొదట్లో మాట ఇది. బెంచీలు లేవు. నేల మీద జంపఖానాలు పరిచేవాళ్లం. మా సంఘంలో ఒక పెద్ద ఉండేవాడు, మేమంతా పెద్దయ్య అనేవాళ్లం. భక్తిపరుడు, నిక్కచ్చి మనిషి. ప్రార్థన మొదలుపెడితే సృష్టి దగ్గర ఎత్తుకుని, జలప్రళయం దాటి, ఎర్రసముద్రం దాటి, మా వాడలో జ్వరమొచ్చిన పిల్ల దగ్గరికి చేరేసరికి మోకాళ్లు మొద్దుబారేవి. ఆయన ఊపిరి తీసుకునే చోటు ఆయమ్మకు తెలుసు. సరిగ్గా అక్కడ గట్టిగా "ఆమెన్" అనేది. పిల్లలంతా అందుకునేవాళ్లు. ఇక పెద్దయ్య కళ్లు తెరవాల్సిందే.

ఒకసారి ఆయన కోపగించుకున్నాడు. "ప్రార్థన అయిపోలే ఆయమ్మా. మధ్యల ఆమెన్ అంటవేంది?"

"దేవునికి చెప్పుడైపోయింది పెద్దయ్యా" అంది ఆమె. "ఇగ మీరు మాకు చెప్తాన్రు. అది కండ్లు తెరిచి గూడ చెప్పొచ్చు గద."

ఆమెకు చదువు రాదు. ఆదివారం సాయంత్రాలు నేను వాళ్లింటికి పోయి వాక్యం చదివి వినిపించేదాన్ని. దగ్గుతో మంచం పట్టిన భర్త లోపల వింటుండేవాడు. ఆమె గడపలో కూర్చుని చేటలో బియ్యం చెరుగుతూ వినేది. దేవుడు ఎవరినైనా ఏదైనా అడిగిన చోటికి వచ్చేసరికి చేట ఆగిపోయేది. "ఆగు. ఏమని అడిగిండు? మల్ల సదువు." ఆమెకు ఆజ్ఞలు అంతగా పట్టేవి కావు, వాగ్దానాలు వింటూ తల ఊపేది. ప్రశ్నలు మాత్రం దాచుకునేది. తమ్ముణ్ణి చంపినవాణ్ణి నీ తమ్ముడేడీ అని అడిగాడు. గొర్రెలు కాసుకునేవాణ్ణి నీ చేతిలో ఉన్నదేంది అని అడిగాడు. సమాధి ముందు నిలబడ్డ ఆడమనిషిని ఎందుకేడుస్తున్నావని అడిగాడు. "అన్నీ ఎర్కున్నాయన గింతగనం ఎందుకు అడుగుతాండంటవ్?" అనేది. నేను సండే స్కూలులో చెప్పే జవాబేదో చెప్పేదాన్ని. ఆమె మర్యాదగా విని మళ్లీ చెరుగుడు మొదలుపెట్టేది.

క్రిస్మస్ ముందురోజు గుడి శుభ్రం చేయడం మాకొక పండుగ. మగవాళ్లు గోడలకు సున్నం వేసేవాళ్లు. ఆడవాళ్లం జంపఖానాలు బయటికి తెచ్చి, తాడు మీద వేసి కర్రలతో దుమ్ము దులిపేవాళ్లం. నేల కడగడం ఆయమ్మ హక్కు. వేరెవరినీ చెయ్యి పెట్టనిచ్చేది కాదు. బిందెలతో నీళ్లు కొట్టి, చీపురుతో మూలమూలలా రుద్ది, చివర్న తెల్లగా పాలలాంటి ఫినాయిల్ నీళ్లతో గడప దాకా తోసేది. ఆ వాసన మూడు రోజులు పోయేది కాదు. మా పిల్లలకు పండుగంటే కొత్తబట్టల కన్నా ముందు ఆ వాసనే. "మన గుడి దవాఖాన లెక్క మెరుస్తాంది" అని పెద్దయ్య మెచ్చుకునేవాడు. అంత ఫినాయిల్ ఎక్కడిదన్న ఊహ మాలో ఎవరికీ రాలేదు. గాలికీ వెలుతురుకూ లెక్క అడగనట్టే దానికీ అడగలేదు.

ఒక వేసవిలో ఆ దవాఖానకు కొత్త డాక్టరు వచ్చాడు. ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాశారు. దాని మీద పై ఆఫీసు నుంచి ఆయమ్మకు కాగితం వచ్చింది. ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి రవికెలో దోపుకుని, నేను పనిచేసే బడి గేటు దగ్గరికి వచ్చి నిలబడింది. ఇంగ్లీషులో రెండే వాక్యాలు. దవాఖాన సామాను బయటికి తీసుకుపోయినందుకు నిన్ను ఉద్యోగం నుంచి తొలగించడమైనది, ఇది వెంటనే అమల్లోకి వస్తుంది. తెలుగులో చెప్పాను.

"ఇంకేం రాసిన్రు?"

"అంతే ఆయమ్మా."

"నన్ను పిలిచి అడిగినట్టు ఏమన్న రాసిన్రా?"

"లేదు."

"మల్లొకసారి సదువు."

మళ్లీ చదివాను. కాగితాన్ని తిప్పి వెనక వైపు కూడా చూసింది, అక్కడేమైనా మిగిలిందేమోనన్నట్టు. ఏడవలేదు. ఆ నౌకరి మీద నలుగురు బతుకుతున్నారు, భర్త మందులు ఆ నౌకరి మీదే వస్తున్నాయి. అయినా ఆమె నోట ముందుగా వచ్చిన మాట అది కాదు.

"నన్ను అడగలే టీచరమ్మా" అంది.

ఆ తర్వాత ఎవరు ఓదార్చబోయినా అదే మాట. నీళ్లబావి దగ్గర, కిరాణం దగ్గర, ప్రార్థన కూడికలో. పాపం అన్యాయం చేశారని ఎవరైనా అంటే, "అన్యాయమో న్యాయమో, నన్ను అడగలే" అనేది. మేమంతా ఆ మాటను మాకు తెలిసిన అర్థంలోనే విన్నాం. ఏ పాపం ఎరగని మనిషి మీద నింద పడింది అనుకున్నాం.

కోర్టుకు పోతానని ఆమె అన్నప్పుడు పెద్దయ్య సంఘాన్ని కూర్చోబెట్టాడు. "పైనున్న అధికారులను దేవుడే నియమించిండు. వాళ్ల మీద కోర్టు మెట్లెక్కుడు విశ్వాసికి తగదు. మోకాళ్ల మీద ఉందం, దేవుడే చూస్తడు" అన్నాడు. చాలామంది తలలూపారు. నాకూ అది సరైన మాటగానే వినిపించింది.

ఆయమ్మ లేచి నిలబడి కొంగు బిగించింది. "పెద్దయ్యా, పౌలు భక్తుణ్ణి గవర్నర్లు ఇటు తిప్పి అటు తిప్పి సతాయిస్తే ఆయనేం చేసిండు?"

పెద్దయ్య చేతిలోని బైబిలు మూశాడు. ఆ కథ అందరికీ తెలుసు.

"కైసరు చక్రవర్తి దగ్గరికి పోత అన్నడా లేదా? అధికారుల మీద పైకి పోయిండు గద. ఆయన మోకాళ్ల మీద లేకుండెనా? మోకాళ్ల మీదనే ఉండి పైకి పోయిండు. నేను గట్లనే పోతాన."

వెనక నుంచి ఎవరో, "కైసరు హైదరాబాదులుంటడా ఆయమ్మా?" అన్నారు. అందరూ నవ్వారు. ఆ నవ్వుతోనే సభ అనుమతి దొరికినట్టయింది. అప్పట్నుంచి మా సంఘంలో హైకోర్టుకు కైసరనే పేరు స్థిరపడింది.

హైదరాబాదులో ఒక వకీలు ఉన్నాడు. మా వైపు వాడే, హిందువు. అతని బిడ్డ ఆ దవాఖానలోనే పుట్టింది, మొదటి స్నానం ఆయమ్మే పోసింది. నేనూ ఆమే పొద్దున్నే పాసింజరు బండెక్కి పోయాం. దారి పొడవునా ఆమె కిటికీ దగ్గర కూర్చుని, ఎదుటి సీటామె ఒళ్లోని పసివాణ్ణి ఏం పని మీద పోతున్నావని అడుగుతూనే ఉంది. వకీలు కాగితం చదివి నవ్వాడు. "వాళ్లే మనకు పని తేలిక చేశారు. రిట్ వేద్దాం" అన్నాడు.

"మరి నేను ఏమేం చెప్పాలె సారు? తీసిన్నా లేదా అని..."

ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగు ఆయమ్మా. తీసినవా లేదా అన్నది ఈ కోర్టు చూడదు. నౌకరి తీసేసేముందు నీకు నోటీసు ఇచ్చి, నీ మాట విన్నరా లేదా, అది చూస్తది. నీ మీద నేరం నిజమే అయినా సరే, నిన్ను అడగకుంట తీసేసే హక్కు సర్కారుకు లేదు."

ఆయమ్మ నా వైపు తిరిగింది. ఆమె మొహం అంత వెలిగిపోవడం నేను అంతకు ముందు చూడలేదు. "విన్నవా టీచరమ్మా? నేను గదే అంటాన గద ఇన్ని దినాల సంది." మళ్లీ వకీలు వైపు తిరిగి, "సారు, మీకు తెల్సో తెల్వదో. మొదటి మనిషి తోటల పండు తిని దాసుకున్నడు. దేవునికి ఎర్కనే, తిన్నడని. ఎళ్లగొట్టాల్నని గూడ ఎర్కనే. అయినా ముందుగాల పిలిచిండు. ఎక్కడున్నవ్, తిన్నవా అని అడిగిండు. అడిగినంకనే ఎళ్లగొట్టిండు. దేవుడే అడిగిండు సారు. వీళ్లు అంతకన్న పెద్దోళ్లా?"

వకీలు కలం కింద పెట్టి, "ఇది జడ్జిగారి ముందు చెప్పొచ్చా?" అని అడిగాడు.

"చెప్పున్రి. నా పేరు చెప్పకున్రి, దేవుని పేరు చెప్పున్రి."

చెప్పాడో లేదో నాకు తెలియదు. చెప్పి ఉంటాడనే నమ్ముతాను.

కేసు నలుగుతూ చాలాకాలం నడిచింది. ఆ రోజుల్లో ఆయమ్మ ఇళ్లకు పోయి బాలింతలకు, పసిపిల్లలకు స్నానాలు పోసి ఇల్లు నడిపింది. పండుగ వస్తే గుడి నేల కడిగింది, వట్టి నీళ్లతో. వాసన లేదేమని పిల్లలు అడిగితే, "ఈ యేడు దేవుడు నీళ్లతోటి సర్దుకుంటడు" అంది. ఒక వాయిదాకు మేం కూడా కోర్టుకు పోయాం. ఎత్తైన గది, పైన తిరిగే ఫంకాలు, నల్లకోట్లు. మా కేసు పిలిచారు. మా వకీలు ఏదో అన్నాడు, సర్కారు వకీలు ఏదో అన్నాడు, జడ్జిగారు ఏదో రాసుకున్నారు. మరో కేసు పిలిచారు. బయటికి వచ్చాక ఆయమ్మ మెట్ల మీద నిలబడిపోయింది.

"ఇక్కడ గూడ నన్ను అడగలే గద."

ఇక్కడ పద్ధతి అంతే, కాగితాల మీదే నడుస్తుందని చెప్పాను. ఆమెకు అది నచ్చలేదు.

చివరికి వకీలు దగ్గర నుంచి టెలిగ్రాము, దాని వెనక ఉత్తరం వచ్చాయి. తొలగింపు చెల్లదని కోర్టు కొట్టేసింది. కావాలనుకుంటే శాఖవారు నోటీసిచ్చి, ఆమె చెప్పేది విని, మళ్లీ నిర్ణయం తీసుకోవచ్చని కూడా అంది. నేను రెండు ముక్కలూ సంఘంలో చదివి వినిపించాను. సంఘం మొదటి ముక్కను విని చప్పట్లు కొట్టింది. రెండో ముక్క ఆ చప్పట్లలో కలిసిపోయింది.

పెద్దయ్య మనసు మంచిది. తాను వద్దన్న పని నెగ్గితే ముఖం చాటేసే మనిషి కాదు. తనే ముందు నిలబడి కృతజ్ఞతా కూడిక పెట్టించాడు. బూందీ, చాయ్. జంపఖానాలన్నీ పరిచారు. ఆయమ్మతో పనిచేసే నర్సమ్మ కూడా మా సంఘంలోదే, ముందు వరుసలో కూర్చుంది. పెద్దయ్య లేచి, "మన చెల్లెలు ఏ పాపమెరుగదని కైసరే తీర్పు చెప్పిండు. సర్కారు దవాఖానలోని ఒక్క చుక్క మందు ముట్టని చేతులు ఇవి" అన్నాడు. స్తోత్రం స్తోత్రం అన్నారు అందరూ. ఆయమ్మను సాక్ష్యం చెప్పమన్నారు.

ఆమె లేచింది. కొంగు దోపుకోలేదు, తల మీదికి లాక్కుంది. అది చూసి నాకేదో భయమేసింది.

"పెద్దయ్య చెప్పింది తప్పు" అంది. "కోర్టు నేను తియ్యలే అనలే. నన్ను అడగమన్నది. గంతే. మీరు గూడ నన్ను ఇన్ని దినాల సంది అడగలే. అడుగుతరేమో అని చూసిన. అడగకపోతిరి. నేనే చెప్తాన. ఫినాయిల్ నేను తీసిన. ఒక్క పండుగకు కాదు. మీరు ఇన్నేండ్లు కూసున్నది దాని మీదనే."

మగ్గాల చప్పుడు ఒక్కటే వినిపించింది. చివర్లో కూర్చున్న ఒక ముసలమ్మ జంపఖానా అంచు ఎత్తి కింద నేలను చూసి మళ్లీ మెల్లగా దించింది. నర్సమ్మ తల వంచుకుంది. పెద్దయ్య ఏం చేయాలో తోచక కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. సృష్టి దగ్గర నుంచి ఎత్తుకున్నాడు. ఎన్నోసార్లు ఊపిరి తీసుకున్నాడు. ఆ రోజు ఆయమ్మ ఆమెన్ అనలేదు. ఆయనకే మాటలు అయిపోయి, తనే ఆమెన్ అనుకున్నాడు.

బూందీ ఎవరూ తినలేదు. బయట చెప్పులు వేసుకుంటూ పెద్దయ్య ఆమె దగ్గరికి వచ్చాడు. గొంతు కోపంగా లేదు. "విచారణ ఇంక ఉన్నది గదా ఆయమ్మా. నర్సమ్మ విన్నది. రేపు ఆ నౌకరి పోతే ఇంటాయన మందులెట్ల?"

"నాకు ఫికరు లేదనుకుంటాన్రా పెద్దయ్యా?" అంది. చెప్పులు వేసుకుని ఇంటి దారి పట్టింది.

విచారణ నోటీసు వచ్చింది. ఆమెను విధుల్లోకి తీసుకోలేదు, విచారణ తేలేదాకా పక్కన పెట్టారు. వకీలుకు రాస్తే జాగ్రత్తగా జవాబు రాశాడు. అడిగితే తీయలేదని చెప్పమను, చూసినవాళ్లు లేరు కదా. అలా చెప్పలేనంటే స్టోరు తాళం ఎవరి దగ్గర ఉంటుందో ఆ మాట చెప్పమను, ఆయన ఇస్తే తీసుకున్నానంటే చాలు. అది చదివి వినిపించాను. స్టోరు చూసుకునేది ఒక ముసలాయన. పింఛను దగ్గరికి వచ్చిన మనిషి.

"ఆయన ఇచ్చాడా ఆయమ్మా?"

నేను ఆమెను ఒక సంగతి సూటిగా అడగడం అదే మొదటిసారేమో. ఆమె చేతిలో చేట ఆగింది.

"ఇయ్యలే. కట్టు కట్టే గాజుగుడ్డలు లెక్కవెడుతాండు. నేను డబ్బ తీస్తుంటే వీపు ఇటు తిప్పి లెక్కవెట్టిండు. చూసిండో లేదో ఆయనకే తెల్వాలె."

"వకీలు చెప్పినట్టు అంటే నీ నౌకరి నిలబడుతుంది."

"ఆ తోటల మొదటి మనిషి గిదే పని చేసిండు టీచరమ్మా. దేవుడు అంత పెద్దమనసు చేసి అడిగితే, ఏమన్నడు? నువ్వు ఇచ్చిన ఆడిదే నాకు పెట్టింది అన్నడు. అడిగించుకున్న భాగ్యం దక్కింది గానీ నిలవెట్టుకోలే." చేటలోని బియ్యం ఒక్కసారి ఎగరేసి పట్టుకుంది. "నేను అడగమని కైసరు దాక పోయిన. ఇప్పుడు అడిగితే ముసలాయన మీద పెట్టాల్నా?"

వకీలు ఉత్తరం మడిచి సంచిలో పెట్టుకున్నాను. ఆ వారమంతా సంఘంలో ఉపవాసం ఉన్నాం. ఇదివరకు ఆమె నిర్దోషి అని ప్రార్థించినవాళ్లం, ఇప్పుడేమని ప్రార్థించాలో తెలియక, ప్రభువా ఆమెను చూడు అని మాత్రం అన్నాం. ఇన్నేళ్ల తర్వాత తలుచుకుంటే మా సంఘం నిజంగా ప్రార్థించింది ఆ వారమే అనిపిస్తుంది.

విచారణ హన్మకొండలోని శాఖ ఆఫీసులో. విచారణాధికారి ఒక డాక్టరు, కోస్తా వైపు నుంచి వచ్చిన మనిషి, నెరిసిన జుట్టు. నన్ను లోపలికి రానివ్వలేదు. గుమ్మానికి కర్టెను వేలాడుతోంది, దాని పక్కనే బల్ల మీద కూర్చున్నాను. మాటలన్నీ వినిపిస్తున్నాయి.

ఆయన అభియోగం చదివి, "దీనికి నువ్వేమంటావమ్మా?" అన్నాడు.

అంతకాలం ఆ ఒక్క ప్రశ్న కోసం ఎదురుచూసిన మనిషికి నోరు పెగలడం లేదు.

"భయపడకు. నిన్ను అడగడానికే కూర్చున్నాను. చెప్పు."

"తీసిన సారు."

"ఎవరిచ్చారు?"

"ఎవ్వలియ్యలే. నా చేతులతోనే తీసిన."

"అమ్ముకున్నావా?"

"లే సారు. గుడి కడిగిన."

"గుడా?" కుర్చీ కదిలిన చప్పుడైంది. "దేవుడికి సర్కారు ఫినాయిల్ కావాలా?"

"దేవునికి కాదు సారు. కింద కూసుంటం మేము. పసిపోరగాండ్లు పాకుతరు, నేల నాకుతరు. బాలింతలు వస్తరు. దవాఖానల ఏం చూస్తమో గదే కదా చేస్తం."

కలం కాగితం మీద నడిచింది. తర్వాత, గొంతు పెంచకుండానే అడిగాడు: "మరి పండుగ నాడు వార్డులో కూడా పసిపిల్లలు ఉంటారు కదమ్మా. ఆ డబ్బా గుడికి పోయాక, ఆ వారం వార్డు దేంతో కడిగావు?"

నేను కర్టెను కేసి చూస్తూ ఉండిపోయాను. పెద్దయ్యకు, వకీలుకు, చివరికి దేవుడి ప్రశ్నలకు కూడా ఆమె దగ్గర ఎప్పుడూ ఏదో ఒక మాట ఉండేది.

"నీళ్లతోటి" అంది చివరికి. గొంతు నాకు పరిచయమైన గొంతులా లేదు. "వట్టి నీళ్లతోటి కడిగిన సారు. ఈ మాట నేను ఎన్నడూ అనుకోలే."

"సరే. వేలిముద్ర వేసి వెళ్లు."

బయటికి వచ్చి బల్ల మీద నా పక్కన కూర్చుంది. కొంగుతో బొటనవేలి సిరా తుడుచుకుంటూనే ఉంది.

"ఏమన్నడు ఆయమ్మా?" అన్నాను, అంతా విని కూడా.

"అడిగిండు."

"నౌకరి సంగతి?"

"అది చెప్పలే. నేను అడగలే." వేలు తుడవడం ఆపి అంది. "అడుగుడంటే నేను చెప్పుకునుడే అనుకున్న టీచరమ్మా. నాకే తెల్వనిది నాకు చూపెట్టనీకి అడుగుతరని అనుకోలే. అందుకే కావచ్చు దేవుడు గట్ల అడుగుకుంట తిరుగుడు."

లేఖనం మీద ఎన్నో ప్రసంగాలు విన్నాను, కొన్ని నేనే చెప్పాను. ఆ బల్ల మీద విన్న ఆ మాటకు తూగేది నాకు ఇంతవరకు దొరకలేదు.

ఆర్డరు రావడానికి నెల పైనే పట్టింది. ఆ నెలలో ఆమె చిక్కిపోయింది. భర్త దగ్గు విని లోపలికి పోయినప్పుడల్లా కొంతసేపు బయటికి వచ్చేది కాదు. పెద్దయ్య రోజూ సాయంత్రం వాళ్ల గుమ్మం ముందు నుంచి పోతూ, ఏమీ అడగకుండా, కాసేపు నిలబడి పోయేవాడు. ఒకనాడు సంచిలో కొత్త ఫినాయిల్ సీసా ఒకటి తెచ్చి గడపలో పెట్టి, "సంఘం కొన్నది" అని మాత్రం అన్నాడు. ఆయమ్మ దాన్ని లోపలికి తీసుకుంది.

కాగితం ఈసారి చాలా పొడుగ్గా ఉంది. నోటీసు ఇచ్చామని, పిలిచామని, ఆమె ఏమని చెప్పిందో ఆ మాటలన్నీ ఇంగ్లీషులో రాశారు. గుడి సంగతి రాశారు, పాకే పిల్లల సంగతి రాశారు. నేరం ఆమె ఒప్పుకున్నందున రుజువైందన్నారు. అమ్ముకోలేదు, మరొకరి మీద నెట్టలేదు, చాలాకాలం మచ్చలేకుండా పనిచేసింది, అందువల్ల ఉద్యోగం నుంచి తీసేయడం తగదన్నారు. ఇంక్రిమెంటు ఆపి, పనిలోకి తీసుకోవాలన్నారు. నేను చదువుతున్నంతసేపూ ఆమె చేట పక్కన పెట్టి వింది. అయిపోయాక, "నేను చెప్పిందంత రాసిండు" అంది. నౌకరి దొరికిన సంగతి తర్వాతెప్పుడో తలకెక్కినట్టు లోపలికి తిరిగి, "ఏమయ్యో, విన్నవా, రేపట్నించి పోతాన" అని కేక వేసింది.

ఆమె పనిలో చేరిన మొదటి వారంలో నేను బడి వదిలాక అటు పోయాను. వార్డు అంతా ఖాళీ చేయించి, మంచాలన్నీ ఒక పక్కకు జరిపించి ఉంది. బాలింతలు వరండాలో బిడ్డల్ని ఒళ్లో పెట్టుకుని గొణుక్కుంటున్నారు. "పండుగ లేదు పబ్బం లేదు, రోజూ ఇదేం కడుగుడే అవ్వా" అంటోంది ఒకామె. ఆయమ్మ నడుం వంచి, చీపురుతో మూలమూలలా రుద్దుతూ, తెల్లటి ఫినాయిల్ నీళ్లను గడప వైపు తోసుకొస్తోంది. నేను లోపలికి అడుగు పెట్టబోయాను.

"ఆగు టీచరమ్మా" అంది తల ఎత్తకుండానే. "తడి ఉన్నది. ఆరినంక రా."

నేను చెప్పులు విడిచి గడప ఇవతల నిలబడ్డాను.